పాత డూమ్‌ని కొత్త ల్యాప్‌టాప్‌లో ఆడటం ఎలా: ఫైళ్ళు, ఇంజిన్లు, సెట్టింగులు

గుంటూరులో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఒక పెంటియం కంప్యూటర్ ఉండేది. దానికి సౌండ్ కార్డు లేదు. కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో డూమ్ అనే, రాక్షసుల్ని కాల్చే తుపాకీ ఆట మొదటి భాగం దొరికితే, వేసవి సెలవులంతా అన్నయ్యా నేనూ వంతులేసుకుని ఆడాం. రాక్షసుడు గుర్రుమనాల్సిన చోట డబ్బాలోంచి ‘టుర్ర్‌ర్’ అని కీచుగా ఒక శబ్దం వచ్చేది, అంతే. ఆ ఆటకి అసలు సంగీతం కూడా ఉందని నాకు తెలిసింది ఇంజినీరింగ్‌లో చేరాక.

మొన్నామధ్య అన్నయ్య ఆ ఫైళ్ళనే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చాడు. “ఎన్నిసార్లు నొక్కినా రావట్లేదురా, నువ్వేమన్నా చూడు” అన్నాడు. డబుల్ క్లిక్ చేస్తే, ఈ యాప్ మీ పీసీలో నడవదని విండోస్ ఒక్క ముక్కలో తేల్చేసింది. అది ఫైళ్ళ తప్పు కాదు. డూమ్ 1993 డిసెంబరులో డాస్ అనే పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వచ్చిన ఆట. ఇప్పటి 64 బిట్ విండోస్ డాస్ ప్రోగ్రాములను నేరుగా నడపదు. డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రాము) పెట్టుకుంటే నడుస్తుంది కానీ, అప్పటి ఇబ్బందులన్నీ దాంతోపాటే వస్తాయి: 320 బై 200 బొమ్మ, సెకనుకు 35 ఫ్రేములు, బాణం కీలతో తిప్పలు. అన్నయ్యకి కావాల్సింది అది కాదు. ఆట పాతదే ఉండాలి, చెయ్యి నొప్పి పుట్టకూడదు. దానికి వేరే దారి ఉంది. ఆ రోజు మేము చేసిందంతా వరసగా చెప్తాను.

ముందు ఒక్క సంగతి: ఇంజిన్ వేరు, ఆట వేరు

టూరింగ్ టాకీస్‌లో రీలు వేరు, ప్రొజెక్టర్ వేరు. డూమ్ కూడా అంతే. గదులు, గోడల బొమ్మలు, రాక్షసులు, తుపాకుల చప్పుళ్ళు, సంగీతం అన్నీ ‘వాడ్’ అనే ఒకే ఫైలులో ఉంటాయి. దాన్ని చదివి తెర మీదికి తెచ్చే ప్రోగ్రాము విడిగా ఉంటుంది, దాన్నే ఇంజిన్ అంటాం. పాడైంది ప్రొజెక్టర్ మాత్రమే. రీలు ఇవాళ్టికీ భేషుగ్గా ఉంది.

కొత్త ప్రొజెక్టర్లు ఎలా వచ్చాయంటే, డూమ్ తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు 1997 డిసెంబరులో ఇంజిన్ సోర్స్ కోడ్‌ని బయటపెట్టారు. 1999లో దాన్ని జీపీఎల్ లైసెన్సు కిందికి మార్చారు. అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. విచిత్రమేమిటంటే వాళ్ళు ఇచ్చింది లైనక్స్ వెర్షన్ కోడ్. డాస్ వెర్షన్లో సౌండ్ కోసం వాడిన లైబ్రరీ వేరేవాళ్ళది, దాన్ని ఇచ్చే హక్కు వీళ్ళకి లేదు. అప్పటినుంచి ప్రోగ్రామర్లు ఆ కోడ్‌ని విండోస్‌కి, మ్యాక్‌కి, ఫోన్లకి, చివరికి ప్రింటర్లకి కూడా ఎక్కించారు. ఇలా తిరగరాసిన ఇంజిన్లను ‘సోర్స్ పోర్టులు’ అంటారు.

కోడ్ ఉచితమైంది కానీ వాడ్ ఫైలు ఉచితం కాలేదు. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. ఇంజిన్ డౌన్‌లోడ్ చేసి, తెరిచి, ‘ఆట ఏదీ?’ అని వెతుక్కుంటారు. ఇంజిన్‌తో ఆట రాదు.

మొదటి అడుగు: వాడ్ ఫైలు సంపాదించడం

దీనికి మూడు దారులున్నాయి.

రూపాయి ఖర్చు లేని దారి ఫ్రీడూమ్. డూమ్ ఇంజిన్ మీద నడిచేలా కొందరు కలిసి బొమ్మలు, శబ్దాలు, లెవెళ్ళు అన్నీ సొంతంగా చేసి పంచిన ఆట ఇది. ఫేజ్ 1, ఫేజ్ 2 అని రెండు వాడ్‌లు వస్తాయి. రాక్షసుల రూపాలు వేరుగా ఉంటాయి, ఆడే తీరు మాత్రం అదే. డూమ్ 2 కోసం జనం తయారుచేసిన చాలా లెవెళ్ళు ఫేజ్ 2తో నడుస్తాయి. పూర్తిగా చట్టబద్ధం కూడా. ముందు ఇంజిన్ నడుస్తుందో లేదో చూసుకోడానికి నేను ఎప్పుడూ దీన్నే వాడతాను.

రెండోది షేర్‌వేర్ డూమ్. మా సీడీలో ఉన్నది ఇదే. మొదటి ఎపిసోడ్ ‘నీ డీప్ ఇన్ ద డెడ్’లోని తొమ్మిది లెవెళ్ళు ఇందులో ఉంటాయి, ఫైలు సుమారు 4 ఎంబీ. ఉచితంగా పంచమనే అప్పట్లో ఇచ్చారు. కానీ ఒక మెలిక ఉంది: ఈ ఫైలుతో బయటి మోడ్‌లు (ఆటని మార్చే అదనపు ఫైళ్ళు), కొత్త లెవెళ్ళు కలపనివ్వరు. ప్రయత్నిస్తే పూర్తి వెర్షన్ కొనుక్కోమని చెప్పి ఆగిపోతుంది. ఆట విడిగా బాగానే వచ్చి, మోడ్ కలిపితే మాత్రం ఆగిపోతుంటే, మీ దగ్గరున్నది షేర్‌వేరేమో ముందు చూసుకోండి.

మూడోది కొనుక్కోవడం. స్టీమ్, జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో ‘డూమ్ ప్లస్ డూమ్ 2’ పేరుతో రెండూ కలిపి ఉన్నాయి. 2024 ఆగస్టులో దీన్ని కొత్త ఇంజిన్‌తో మళ్ళీ విడుదల చేశారు. టీఎన్‌టీ, ప్లుటోనియా లాంటి అదనపు లెవెళ్ళు కూడా ఇందులో ఉన్నాయి. సేల్ వచ్చేదాకా ఆగితే చాలా తక్కువకే వస్తుంది. నిజానికి దీనితోపాటు వచ్చే ఇంజినే బాగుంటుంది. ‘నాకు సెట్టింగుల గొడవ వద్దు, ఆడితే చాలు’ అనేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసి అదే ఆడుకోవచ్చు.

కొన్నాక వాడ్ ఎక్కడుందో చూద్దాం. స్టీమ్ లైబ్రరీలో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లోకి వెళ్ళి, బ్రౌజ్ లోకల్ ఫైల్స్ నొక్కండి. ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ‘బేస్’ అనే ఫోల్డర్‌లో పాత ఫైళ్ళు, ‘రీరిలీజ్’ అనే ఫోల్డర్‌లో కొత్త విడుదల ఫైళ్ళు ఉంటాయి. సోర్స్ పోర్టులకి పాతవే తీసుకోండి. సరైనది తీసుకున్నారో లేదో తెలియాలంటే సైజు చూడండి. అల్టిమేట్ డూమ్ (మొదటి డూమ్ పూర్తి రూపం) 1.9 వెర్షన్ వాడ్ 1,24,08,292 బైట్లు, డూమ్ 2 వాడ్ 1,46,04,584 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తేడా ఉన్నా అది వేరే వెర్షన్. ఆడటానికి పెద్దగా నష్టం లేదు కానీ, వేరేవాళ్ళు ఆడిన ఆట రికార్డింగులు చూడాలంటే తేడా కొడుతుంది.

రెండో అడుగు: ఏ ఇంజిన్?

ఫలానాదే గొప్పదని కొట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా లెక్క మాత్రం తేలిక: మీకు కావాల్సింది పాత ఆటా, పాత ఆట లాంటి కొత్త ఆటా?

చాకొలెట్ డూమ్ అచ్చం 1993 నాటిదే. బొమ్మ అంతే, లోపాలూ అంతే. పాత ఇంజిన్ ఎక్కడ క్రాష్ అయ్యేదో ఇదీ అక్కడే క్రాష్ అవుతుంది, కావాలనే అలా చేశారు. దీంతోపాటు విడిగా ఒక సెటప్ ప్రోగ్రాము వస్తుంది. అందులో సౌండ్‌ని పీసీ స్పీకర్‌కి మార్చి, అన్నయ్యకి హెడ్‌ఫోన్ పెట్టాను. ‘టుర్ర్‌ర్’. పాతికేళ్ళ తర్వాత అదే కీచు. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత “తీసెయ్ రా బాబూ, చెవులు పోతున్నాయి” అన్నాడు.

ఇందులో కొత్తవాళ్ళని తికమక పెట్టేది మౌస్. మౌస్‌ని ముందుకి తోస్తే చూపు పైకి వెళ్ళదు, మీ మనిషి ముందుకి నడుస్తాడు. అప్పట్లో డిజైన్ అదే. సెటప్‌లో మౌస్ విభాగంలోకి వెళ్ళి, నిలువు కదలికను ఆపేయండి. ఈ ఒక్కటీ మార్చకపోతే ఐదు నిమిషాల్లో విసుగొచ్చి తీసేస్తారు.

క్రిస్పీ డూమ్ దీనికి చెల్లెలు. లక్షణాలన్నీ చాకొలెట్‌వే, బొమ్మ రెండింతలు నునుపు, పాత పరిమితులు తీసేశారు, ఫ్రేములు 35 దగ్గర ఆగవు. పాత ఆట కావాలనేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి నేను చెప్పేది ఇదే. వూఫ్ కూడా ఇదే దారిలోది, మెనూలు ఇంకాస్త సుఖంగా ఉంటాయి, ఇప్పటి లెవెళ్ళని ఎక్కువ రకాలు నడుపుతుంది.

డీఎస్‌డీఏ డూమ్ వేగంగా ఆట ముగించి రికార్డులు కొట్టేవాళ్ళ కోసం పుట్టింది. వేల మంది రాక్షసులున్న లెవెల్‌లో కూడా తడబడదు. జీజెడ్‌డూమ్ వీటన్నిటికంటే దూరం వెళ్ళింది: త్రీడీ లైటింగ్, పైకీ కిందకీ చూడటం, దూకడం, మోడ్‌లు రాయడానికి సొంత భాష. ఆట రూపురేఖలే మార్చేసే భారీ మోడ్‌లు దీని మీదే నడుస్తాయి. 2025 అక్టోబరులో దీని డెవలపర్లు చాలామంది విడిపోయి యూజెడ్‌డూమ్ అని వేరు కాపురం పెట్టారు. ప్రస్తుతానికి మెనూలు రెండింటిలోనూ దాదాపు ఒకటే.

అన్నయ్యకి జీజెడ్‌డూమ్ పెట్టాను. మోడ్‌లు కూడా చూడాలన్నాడు మరి. ఇక మీద చెప్పేదంతా దాని గురించే. వేరేది ఎంచుకున్నా పద్ధతి ఇంచుమించు ఇదే.

మూడో అడుగు: పెట్టుకోవడం

ముందు సీ డ్రైవ్‌లో గానీ డీ డ్రైవ్‌లో గానీ ‘డూమ్’ అని ఒక ఫోల్డర్ చేయండి. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల వద్దు. అక్కడ రాయాలంటే విండోస్ ప్రతిసారీ అనుమతి అడుగుతుంది, సెట్టింగులు సేవ్ కాక తల పట్టుకుంటారు. డెస్క్‌టాప్ కూడా వద్దు, క్లౌడ్ సింక్ ఉంటే ఫైళ్ళు అటూ ఇటూ పోతాయి.

ఇంజిన్‌ని దాని అధికారిక సైటు నుంచో, కోడ్ ఉండే గిట్‌హబ్ పేజీ నుంచో మాత్రమే తీసుకోండి. ‘పాత ఆటలు ఉచితం’ అని బోర్డు పెట్టిన సైట్లలో ఇన్‌స్టాలర్‌తోపాటు ఏమేం వస్తాయో దేవుడికే తెలియాలి. ఒకసారి అలాంటి చోట నొక్కినందుకు నా బ్రౌజర్ హోమ్‌పేజీ నెలరోజులు నా మాట వినలేదు.

జిప్ ఫైలు వచ్చాక దాని లోపలికి వెళ్ళి నేరుగా నడపకండి. రైట్ క్లిక్ చేసి, ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ నొక్కి, డూమ్ ఫోల్డర్‌లోకి విప్పండి. ఇప్పుడు వాడ్ ఫైలుని కాపీ చేసి అదే ఫోల్డర్‌లో, ఇంజిన్ పక్కనే పెట్టండి. మూవ్ చేయొద్దు, కాపీ చేయండి, లేకపోతే స్టీమ్‌లో ఆట పనిచేయదు. స్టీమ్‌లో ఉన్నవాటిని జీజెడ్‌డూమ్ చాలాసార్లు తనే వెతికి పట్టుకుంటుంది. అయినా పక్కన ఒక కాపీ ఉంటే నిశ్చింత.

డబుల్ క్లిక్ చేస్తే మొదటిసారి విండోస్ నీలం రంగు పెట్టెతో అడ్డుపడొచ్చు. సంతకం చేయని ప్రోగ్రాములన్నిటికీ అది వచ్చేదే. అధికారిక సైటు నుంచే తెచ్చారని నమ్మకముంటే మోర్ ఇన్ఫో నొక్కి, రన్ ఎనీవే నొక్కండి. తర్వాత చిన్న కిటికీ వచ్చి, దొరికిన వాడ్‌ల జాబితా చూపిస్తుంది. ఒకటి ఎంచుకుని ఓకే అంటే ఆట మొదలు. జాబితా ఖాళీగా ఉందంటే వాడ్ సరైన చోట లేదన్నమాట.

ఉబుంటు వాడేవాళ్ళకి చాకొలెట్, క్రిస్పీ, ఫ్రీడూమ్ అన్నీ సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలోనే దొరుకుతాయి. లైనక్స్‌లో ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం వేర్వేరు కాబట్టి వాడ్ పేరు మొత్తం చిన్నక్షరాల్లోకి మార్చుకుంటే గొడవ ఉండదు.

పాత ల్యాప్‌టాప్ అయితే ఇక్కడే ఒక అడ్డంకి. జీజెడ్‌డూమ్‌కి గ్రాఫిక్స్ కార్డులో ఓపెన్‌జీఎల్ (బొమ్మలు గీయించే ప్రమాణం) 3.3 అయినా ఉండాలి. ఇంటెల్ హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్ ఉన్న 2011 నాటి ల్యాప్‌టాప్‌లు విండోస్‌లో 3.1 దగ్గరే ఆగిపోతాయి. ఎర్రర్ చూసి కంప్యూటర్ మార్చాలేమో అనుకోకండి. మొదటి కిటికీలోనే రెండరింగ్ రకాన్ని ఓపెన్‌జీఎల్ ఈఎస్‌కి మార్చి చూడండి. అదీ కుదరకపోతే క్రిస్పీ పెట్టుకోండి, దానికి గ్రాఫిక్స్ కార్డుతో పెద్దగా పని లేదు.

నాలుగో అడుగు: సెట్టింగులు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. జీజెడ్‌డూమ్ డిఫాల్ట్‌గా ఎలా ఉంటే అలా ఆడి, ‘ఇది మా చిన్నప్పటి డూమ్‌లా లేదే’ అని తీసేసినవాళ్ళు నాకు తెలుసు. ఆప్షన్స్ మెనూ మొదట చిన్నగా కనిపిస్తే, అందులోనే ఫుల్ ఆప్షన్స్ మెనూ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి.

మొదటిది బొమ్మ. గోడలు మసకగా, నూనె కాగితం అంటించినట్టు కనిపిస్తుంటే టెక్స్చర్ ఫిల్టర్ ఆన్‌లో ఉందన్నమాట. డిస్‌ప్లే ఆప్షన్స్‌లో టెక్స్చర్ విభాగంలోకి వెళ్ళి ఫిల్టర్ మోడ్‌ని ‘నన్’కి మార్చండి. చుక్కలు చుక్కలుగా, స్పష్టంగా వస్తుంది. ఆ బొమ్మల్లో ప్రతి పిక్సెల్‌కీ పని ఉంది, వాటిని అలికేస్తే కళ్ళూ కోరలూ కలిసిపోతాయి. తర్వాత సెక్టార్ లైట్ మోడ్‌ని ‘సాఫ్ట్‌వేర్’కి మార్చండి. పాత డూమ్‌లో దూరం పెరిగేకొద్దీ చీకటి మెట్లు మెట్లుగా చిక్కబడేది. సగం భయం దానివల్లే. ఇది మార్చకపోతే కొన్ని గదులు పెళ్ళి పందిరిలా వెలిగిపోతాయి.

ఇంకో చిన్న సంగతి. పాత బొమ్మ 320 బై 200 అయినా, అప్పటి మానిటర్లు దాన్ని నిలువుగా సాగదీసి చూపించేవి. అంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు కన్నా ఎత్తు ఐదో వంతు ఎక్కువ. మంచి ఇంజిన్లు ఈ లెక్క తామే చూసుకుంటాయి. రాక్షసులు పొట్టిగా, బొద్దుగా కనిపిస్తున్నారంటే మాత్రం ఆస్పెక్ట్ రేషియో సరిదిద్దే ఆప్షన్ ఆఫ్‌లో ఉందన్నమాట.

రెండోది చూపు. అసలు డూమ్‌లో పైకీ కిందకీ చూడటం లేదు. మెట్ల మీద శత్రువు నిలబడితే, ఎదురుగా తుపాకీ పెట్టి కాలిస్తే చాలు, గుండు ఎత్తు సంగతి ఇంజిన్ చూసుకుంటుంది. మౌస్ ఆప్షన్స్‌లో ఆల్వేస్ మౌస్‌లుక్ ఆఫ్ చేసి, ప్లేయర్ సెటప్‌లో ఆటోఎయిమ్ పూర్తిగా ఆన్ చేయండి. ఇప్పటి షూటర్లకి అలవాటు పడ్డవాళ్ళకి మొదట్లో చేతులు కట్టేసినట్టుంటుంది. ఒక అరగంట ఓపిక పట్టండి. చూపు పక్కలకి మాత్రమే తిరిగేసరికి ధ్యాసంతా కాళ్ళ మీదికి వస్తుంది, డూమ్ అసలు ఆట కాళ్ళతోనే.

దూకడం, వంగడం గేమ్‌ప్లే ఆప్షన్స్‌లో ‘నో’ పెట్టండి. అప్పటి లెవెళ్ళు చేసినవాళ్ళు ఆటగాడు దూకగలడని అనుకుని చేయలేదు. దూకితే నీలం తాళంచెవి అవసరం లేకుండానే గోడ దాటేస్తారు. ఆ తాళం కోసం పెట్టిన గదీ, అందులో పొంచి ఉన్నవాళ్ళూ అన్నీ వృథా.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. అసలు డూమ్‌లో ప్రతి ప్రాణికీ ఎత్తు అనంతం. నిజంగానే. ఢీకొన్నారా లేదా అనే లెక్కలో నిలువు కొలతని పట్టించుకోలేదు. మీరు గట్టు మీద నిలబడితే, కింద గోతిలో ఉన్న రాక్షసుడు మీకు కనపడకుండానే మీ దారికి గోడలా అడ్డుంటాడు. గట్టు మీంచి దిగబోతే దిగలేరు, ఏం ఆపుతోందో అర్థం కాదు. చిన్నప్పుడు మేము కీబోర్డు పాడైందనుకుని ఆ బాణం కీని ఎన్నిసార్లు విప్పి తుడిచామో. జీజెడ్‌డూమ్ దీన్ని సరిచేసింది. పాత పద్ధతే కావాలంటే కంపాటిబిలిటీ ఆప్షన్స్‌లో దానికో స్విచ్ ఉంది. నేనైతే ఆన్ చేయను.

మూడోది చెవులు. డూమ్ సంగీతం బాబీ ప్రిన్స్ చేశారు. వాడ్‌లో ఉన్నది పాట కాదు, ఏ వాయిద్యం ఏ స్వరం ఎప్పుడు వాయించాలో చెప్పే నొటేషన్. వాయించేది మీ కంప్యూటర్. అందుకే ఒకే పాట ఒక్కో మెషీన్లో ఒక్కోలా వినిపిస్తుంది. సౌండ్ ఆప్షన్స్‌లో మిడీ ప్లేయర్ దగ్గర రెండు ప్రయత్నించండి. ఫ్లూయిడ్‌సింత్ పెడితే గిటారు గిటారులా, డ్రమ్ము డ్రమ్ములా ఉంటుంది. ఓపీఎల్ ఎమ్యులేషన్ పెడితే సౌండ్ బ్లాస్టర్ కార్డున్న ఇళ్ళలో అప్పట్లో వినిపించిన ఆ రేకు డబ్బా మోత వస్తుంది. సౌండ్ కార్డు లేక మేము కోల్పోయింది అదే, కాబట్టి నేను ఓపీఎల్‌లోనే ఆడతాను.

నాలుగోది కళ్ళు తిరగడం. ఇది చాలామంది బయటికి చెప్పరు. పావుగంట ఆడేసరికి వికారంగా ఉండి, వయసు మీదపడిందేమో అనుకుని వదిలేస్తారు. కారణం సాధారణంగా నడిచేటప్పుడు తెర ఊగడం. ప్లేయర్ సెటప్‌లో బాబింగ్ అని స్లైడర్ ఉంటుంది, సున్నాకి తెచ్చేయండి. అప్పటికీ తగ్గకపోతే ఫీల్డ్ ఆఫ్ వ్యూని 90 నుంచి 100కి పెంచి, తెరకి కొంచెం దూరంగా కూర్చోండి. అన్నయ్యకి బాబింగ్ తీసేయడంతోనే సరిపోయింది.

కీల విషయం ఎక్కువ చెప్పక్కర్లేదు. డబ్ల్యూ, ఏ, ఎస్, డీలతో నడక, మౌస్‌తో తిరగడం, ఆల్వేస్ రన్ ఆన్. కష్టం స్థాయిలు ఐదు. మొదటిసారైతే మూడోది, ‘హర్ట్ మీ ప్లెంటీ’ తీసుకోండి. ఐదోదైన నైట్‌మేర్‌లో చంపినవాళ్ళు మళ్ళీ లేచొస్తారు, దాని జోలికి వెళ్ళకండి.

అయిదో అడుగు: జనం చేసిన లెవెళ్ళు

డూమ్ ముప్పై ఏళ్ళు దాటినా బతికుందంటే దీనివల్లే. డూమ్‌వరల్డ్ అనే సైటు 2004 నుంచి ఏటా డిసెంబరులో ఆ ఏడాది మేటి లెవెళ్ళకి కాకోవార్డ్స్ ఇస్తోంది. ఏది ఆడాలో తెలియకపోతే ఆ జాబితాలు తెరిస్తే చాలు, ఏళ్ళ తరబడి సరిపోయే సరుకు ఉంటుంది. డూమ్ సృష్టికర్తల్లో ఒకరైన జాన్ రొమేరో కూడా 2019లో సిజిల్ అని కొత్త ఎపిసోడ్ చేసి ఉచితంగా ఇచ్చారు. డూమ్‌కి ముప్పై ఏళ్ళు నిండిన 2023 డిసెంబరు 10న సిజిల్ 2 వచ్చింది. వీటికి పూర్తి డూమ్ వాడ్ ఉండాలి.

ఎక్కించడం చాలా తేలిక. లెవెల్ ఫైలుని మౌస్‌తో పట్టుకుని, ఇంజిన్ ఐకాన్ మీద వదిలేయండి. రెండు మూడు ఫైళ్ళు కావాలంటే అన్నీ కలిపి ఎంచుకుని ఒకేసారి వదలండి. తర్వాత వచ్చే జాబితాలో సరైన అసలు ఆటని ఎంచుకోవాలి. డూమ్ 2 కోసం చేసిన లెవెల్‌కి డూమ్ 1 ఎంచుకుంటే, పేరుకి ఆట మొదలవుతుంది కానీ అవే పాత లెవెళ్ళు వస్తాయి. ‘మోడ్ పనిచేయట్లేదు’ అని నన్ను అడిగినవాళ్ళలో సగానికి సగం కథ ఇదే.

మిగతా సగం కథ ఇంజిన్ పొత్తు కుదరకపోవడం. ప్రతి మంచి లెవెల్‌తోపాటు ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది, ఎవరూ చదవరు. అందులో ఏ ఇంజిన్‌లో పరీక్షించారో రాసి ఉంటుంది. ‘లిమిట్ రిమూవింగ్’ అని ఉంటే క్రిస్పీ దగ్గర్నుంచి అన్నీ నడుపుతాయి. ‘బూమ్ కంపాటిబుల్’ అనో ‘ఎంబీఎఫ్ 21’ అనో (లెవెళ్ళకి కొత్త సౌకర్యాలు చేర్చిన ప్రమాణాల పేర్లివి) ఉంటే వూఫ్ లేదా డీఎస్‌డీఏ తీసుకోండి. జీజెడ్‌డూమ్ పేరు ఉంటే అదో, దాన్నుంచి విడిపోయిన యూజెడ్‌డూమో తప్ప ఇంకోటి పనికిరాదు. డీఎస్‌డీఏలో కాంప్లెవెల్ అని ఒక అంకె ఇవ్వాల్సి వస్తుంది: డూమ్ 2కి 2, అల్టిమేట్ డూమ్‌కి 3, ఫైనల్ డూమ్‌కి (టీఎన్‌టీ, ప్లుటోనియా) 4, బూమ్ లెవెళ్ళకి 9, ఎంబీఎఫ్ 21కి 21. ఏ కాలం నాటి ఇంజిన్‌లా ప్రవర్తించాలో ఆ అంకె చెప్తుంది. తప్పు అంకె ఇస్తే కొన్ని లెవెళ్ళలో తలుపులు తెరుచుకోవు.

డూమ్ అయ్యాక క్వేక్

ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళే 1996లో తెచ్చిన క్వేక్ అనే షూటింగ్ ఆటకి కూడా పద్ధతి అదే: 1999 డిసెంబరులో కోడ్ బయటికొచ్చింది, ఇంజిన్ వేరు, డేటా వేరు. ఇక్కడ డేటా ఫైళ్ళని ‘పాక్’ అంటారు, అవి ‘ఐడీ1’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పాక్0 ఒక్కటే ఉంటే షేర్‌వేర్, పాక్1 కూడా ఉంటే పూర్తి ఆట. ఇంజిన్‌గా నేను ఐరన్‌వెయిల్ వాడతాను. స్టీమ్‌లో క్వేక్ ఉంటే దాన్ని తనే కనిపెడుతుంది, పెద్ద పెద్ద లెవెళ్ళని కూడా మెత్తగా నడుపుతుంది. క్వేక్‌స్పాజమ్ దీనికి మూలం, అదీ మంచిదే.

పాత క్వేక్‌లో పాటలు సీడీ మీద ఆడియో ట్రాకులుగా ఉండేవి. ఫైళ్ళు మాత్రమే కాపీ చేసుకున్నవాళ్ళకి ఆట మూగగా వచ్చేది. ట్రెంట్ రెజ్నర్ చేసిన ఆ ధ్వనులు లేకపోతే క్వేక్‌లో సగం పోయినట్టే. 2021 రీరిలీజ్ కొన్నవాళ్ళకి అవి దాంతోనే వస్తాయి. పాత డిస్కు ఉన్నవాళ్ళు ట్రాకులని ఓజీజీ అనే ఆడియో ఫైళ్ళుగా మార్చి, ట్రాక్02 నుంచి ట్రాక్11 వరకూ పేర్లు పెట్టి, ఐడీ1 లోపల ‘మ్యూజిక్’ అనే ఫోల్డర్‌లో వేయాలి.

ఇంకొకటి ఫ్రేములు. పాత క్వేక్‌లో భౌతిక లెక్కలు ఫ్రేములతో ముడిపడి ఉన్నాయి. సెకనుకు 72 దాటితే లిఫ్టులు, దూకుళ్ళు చిత్రంగా ప్రవర్తిస్తాయి. ఐరన్‌వెయిల్‌లో రెండూ విడదీశారు కాబట్టి 144 హెర్ట్జ్ మానిటర్‌లో నిర్భయంగా ఆడొచ్చు. వేరే పాత పోర్టు వాడుతూ లిఫ్టు మీద దెబ్బలు తింటుంటే, ఫ్రేముల్ని 72కి కట్టేసి చూడండి.

అదే కాలం నాటి ఇంకో షూటింగ్ ఆట డ్యూక్ న్యూకెమ్ త్రీడీ అభిమానులకి ఈడ్యూక్32 అనే ఇంజిన్ ఉంది. ఆ ఆట కోడ్ 2003 ఏప్రిల్ 1న వచ్చింది, తేదీ చూసి జోక్ అనుకున్నవాళ్ళూ ఉన్నారట. డేటా ఫైలు చివర ‘జీఆర్‌పీ’ అని ఉంటుంది. దాన్ని ఇంజిన్ పక్కన పెడితే చాలు.

సేవ్‌ల సంగతి

ఒక ఇంజిన్‌లో సేవ్ చేసిన ఆట ఇంకో ఇంజిన్‌లో తెరుచుకోదు. జీజెడ్‌డూమ్ పెద్ద అప్‌డేట్ పెట్టినా పాత సేవ్‌లు చెడిపోవచ్చు. కాబట్టి ఒక లెవెల్ సెట్టు మధ్యలో ఉండగా అప్‌డేట్ చేయకండి. కొత్త వెర్షన్‌ని వేరే ఫోల్డర్‌లో విప్పి, పాతదాన్ని అలాగే ఉంచండి.

జీజెడ్‌డూమ్ మామూలుగా సెట్టింగుల్ని డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ ఫోల్డర్‌లో దాస్తుంది. అవి ఇంజిన్ పక్కనే ఉండాలంటే, అదే ఫోల్డర్‌లో ‘జీజెడ్‌డూమ్ అండర్‌స్కోర్ పోర్టబుల్ డాట్ ఐఎన్‌ఐ’ అనే పేరుతో, ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఒక ఖాళీ ఫైలు చేసి పెట్టండి. తర్వాత ఆట తెరిచి మూస్తే సెట్టింగులన్నీ అందులోకే వస్తాయి. అన్నయ్య పెన్‌డ్రైవ్‌లో ఆ ఫోల్డర్‌ని అలాగే ఎక్కించి ఇచ్చాను. వారం తర్వాత ఫోన్ చేశాడు, ఎర్ర తాళంచెవి ఎక్కడుందని.